మనిషి బొమ్మలో కొలతలు కుదరాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఫిగర్ డ్రాయింగ్ నేర్చుకునే తెలుగువాళ్ళు, కాలేజీ పిల్లలైనా రిటైరయ్యాక మొదలుపెట్టినవాళ్ళైనా, అటూ ఇటుగా ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే ఒకచోట పెట్టాం. వరసగా చదవక్కర్లేదు, మీకు అడ్డుపడ్డ ప్రశ్న దగ్గరికే వెళ్ళండి. "తల" అని కొలతగా వాడిన ప్రతిచోటా నడినెత్తి నుంచి గడ్డం కింది అంచు దాకా ఉన్న ఎత్తు అని అర్థం. జుట్టు లెక్కలోకి రాదు.

## పెన్సిల్ పట్టే ముందు

ఒకరు ఏడున్నర తలలు అంటారు, ఇంకొకరు ఎనిమిది అంటారు. ఏది నమ్మాలి?

రెండూ నిజమే, రెండిటి పని వేరు. మన చుట్టూ తిరిగే పెద్దవాళ్ళను కొలిస్తే ఎక్కువమంది ఏడుకూ ఏడున్నరకూ మధ్య ఉంటారు. పెద్దల తల ఎత్తు దాదాపు 21 నుంచి 23 సెంటీమీటర్లు. మనిషి పొట్టైనా పొడుగైనా తల మాత్రం అంతగా మారదు. 165 సెంటీమీటర్ల మనిషికి 22 సెంటీమీటర్ల తల ఉంటే సరిగ్గా ఏడున్నర. 150 సెంటీమీటర్ల ఆవిడ ఏడు దగ్గర ఆగుతుంది. ఆరడుగుల మనిషి ఎనిమిదికి దగ్గరపడతాడు.

ఎనిమిది అన్నది ఆదర్శం. సగం, అందులో సగం, మళ్ళీ సగం చేస్తే ఎనిమిది భాగాలు వస్తాయి కాబట్టి చేతికి సులువు కూడా. 1490 ప్రాంతంలో లియొనార్డో డావిన్చి వృత్తంలోనూ చదరంలోనూ నిలబెట్టి వేసిన మనిషి బొమ్మకు ఆధారం రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పిన కొలతలు. అందులోనూ తల ఒంటి ఎత్తులో ఎనిమిదో వంతే. ఫ్యాషన్ బొమ్మలవాళ్ళు బట్ట జారు అందంగా కనబడాలని తొమ్మిది దాకా సాగదీస్తారు.

ఊహించి వేసేటప్పుడు ఎనిమిది పెట్టుకోండి. మనిషి ఎదురుగా ఉంటే ఏడున్నరతో మొదలుపెట్టి, కొలిచి మార్చుకోండి. ఆయన ఆరున్నర తలలే ఉంటే ఆరున్నరే వేయాలి. లెక్క కుదరాలని మనిషిని సాగదీయకూడదు.

శిల్పశాస్త్రంలో నవతాళం అంటే తొమ్మిది తలలా? మన విగ్రహాలు అంత పొడుగ్గా కనిపించవే?

తాళం అంటే తల కాదు, ముఖం. నుదుటిపై జుట్టు మొదలయ్యే చోటి నుంచి గడ్డం దాకా. దాన్ని 12 అంగుళాలుగా భాగిస్తారు. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహానికి సొంతమైన కొలత. నవతాళం అంటే అలాంటివి 108. ఒక లెక్కలో వాటిని ఇలా పంచుతారు: నెత్తి 3, ముఖం 12, మెడ 3, మెడ నుంచి గుండె 12, గుండె నుంచి బొడ్డు 12, బొడ్డు నుంచి మొల (తొడలు కలిసేచోటు) 12, తొడ 24, మోకాలు 3, పిక్క 24, పాదం 3.

కూడి చూడండి. నెత్తి, ముఖం కలిపితే 15. అంటే మన తల లెక్కలో 108 అంగుళాల విగ్రహం ఏడు తలల పైచిలుకే, మామూలు మనిషి కొలతే. ఇంకో విశేషం, నెత్తి నుంచి మొల దాకా కూడితే 54 వస్తుంది, సరిగ్గా సగం. మనిషి ఎత్తుకు సగం నడుము దగ్గర కాదు, మొల దగ్గర అని ఈ లెక్క ఎప్పుడో చెప్పేసింది.

కాళ్ళు ఎప్పుడూ కాగితం దాటిపోతున్నాయి. పెద్ద కాగితం కొనాలా?

కాగితం కాదు, మొదలుపెట్టే పద్ధతి మార్చాలి. ఏ3 కాగితం నిలువు 42 సెంటీమీటర్లు. పైనా కిందా మూడేసి సెంటీమీటర్లు వదిలితే బొమ్మకు 36 మిగులుతుంది. ఎనిమిది తలలకు పంచితే తల నాలుగున్నర సెంటీమీటర్లు. మీరు అచ్చంగా చేతికొచ్చినంత తల వేసి కిందికి దిగుతున్నారు. ఆ తల ఆరు సెంటీమీటర్లుంటే ఏడున్నర తలల లెక్కనైనా ఒళ్ళు 45 కావాలి, కాగితమే 42. పాదాలు ఎక్కడికి పోతాయి?

ముందు నెత్తికి ఒక గీత, మడమలకు ఒక గీత. తరవాత సగం. ఆ తరవాతే తల. ఏ4 అయితే తల మూడు సెంటీమీటర్లు పెట్టుకోండి. అంతకంటే చిన్నదైతే కొత్తవాళ్ళకు కొలతలో తేడా కంటికి ఆనదు.

టేబుల్ మీద వేస్తున్నప్పుడు బాగానే ఉంది. గోడకు ఆనించి చూస్తే బొమ్మ సాగిపోయింది. ఎందుకు?

కాగితం బల్లపరుపుగా ఉంటే దాని పై అంచు మీ కంటికి దూరం, కింది అంచు దగ్గర. దూరంగా ఉన్నది కుదించుకుపోయి కనిపిస్తుంది కాబట్టి మీ చెయ్యి తెలియకుండానే దాన్ని సాగదీసి వేస్తుంది. కాగితం నిలబెట్టగానే ఆ సాగతీత బయటపడుతుంది. డ్రాయింగ్ బోర్డు పై అంచు కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టండి, లేదా బోర్డును ఒడిలో పెట్టుకుని టేబుల్ అంచుకు ఆనించండి. మీ చూపు కాగితం మీద నిలువుగా పడాలి, అంతే. ఈజిల్ (బోర్డు నిలబెట్టే స్టాండు) కొనేదాకా ఆగనక్కర్లేదు.

## కొలిచేటప్పుడు

పెన్సిల్ చాచి, ఒక కన్ను మూసి కొలుస్తున్నా. ప్రతిసారీ వేరే లెక్క వస్తోంది.

నూటికి తొంభై సార్లు దోషం మోచేతిది. తల కొలిచేటప్పుడు చెయ్యి బిర్రుగా చాస్తారు, పాదాల దాకా వచ్చేసరికి మోచెయ్యి కాస్త వంగుతుంది. కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పెన్సిల్ ఆరు సెంటీమీటర్లు దగ్గరికి జరిగితే పదో వంతు తేడా. ఏడున్నర తలల మనిషి ఆరూముప్పావుకు దిగిపోతాడు.

మోచెయ్యి లాక్ చేయండి. ప్రతిసారీ అదే కన్ను మూయండి. పెన్సిల్ మీ చూపుకు అడ్డంగా నిలబడాలి, మోడల్ వైపు వాలకూడదు. కొన నడినెత్తికి ఆనించి, బొటనవేలి గోరు గడ్డం దగ్గరికి జరపండి. ఆ వేలు కదలకుండా కొనను గడ్డం దగ్గరికి దించి, రెండో తల ఎక్కడ ఆగిందో ఒంటి మీద గుర్తు చూసుకోండి. అలా కిందిదాకా. మూడుసార్లు కొలిచి, రెండుసార్లు కలిసిన లెక్క తీసుకోండి. మధ్యలో కుర్చీ జరిపితే మళ్ళీ మొదటినుంచి కొలవాల్సిందే.

మోడల్‌కి ఎంత దూరంలో కూర్చోవాలి?

మనిషి ఎత్తుకు మూడు రెట్లు ఉంటే హాయి. 165 సెంటీమీటర్ల మనిషికి ఐదు మీటర్లు. అంత చోటు లేకపోతే కనీసం మూడు. దగ్గర నుంచి చూస్తే ఏమవుతుందో లెక్కేసి చూడండి. మీ కన్ను నేలకు మీటరున్నర ఎత్తులో ఉంది, మోడల్ మీటరున్నర దూరంలో నిలబడ్డాడు. కంటి నుంచి తలకు మీటరున్నర, పాదాలకు రెండు మీటర్ల పైచిలుకు. పాదాలు తలతో పోలిస్తే దాదాపు 30 శాతం చిన్నగా కనిపిస్తాయి. ఐదు మీటర్ల దూరంలో ఆ తేడా నాలుగైదు శాతానికి పడిపోతుంది.

సింగిల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో ఐదు మీటర్లు దొరకడం కష్టమే. హాల్లో మోడల్‌ని నిలబెట్టి, మీరు బాల్కనీ తలుపు దగ్గర కుర్చీలో కూర్చోండి, కన్ను మోడల్ నడుము ఎత్తుకు వస్తుంది. అదీ కుదరకపోతే నిలువు బొమ్మ మానేసి నడుము దాకా వేయండి.

ఫోన్‌లో ఫోటో తీసి చూసి వేస్తే తప్పా?

తప్పు కాదు, తీసే పద్ధతి తప్పితే కొలతలు తప్పుతాయి. ఫోన్ మామూలు కెమెరా వెడల్పు లెన్సు. దగ్గరున్నదాన్ని పెద్దగా, అంచుల్లో ఉన్నదాన్ని సాగదీసి చూపిస్తుంది. సెల్ఫీలో ముక్కు పెద్దదయ్యేది దగ్గరదనం వల్లే. మూడు నాలుగు మీటర్లు వెనక్కి జరిగి, రెండు రెట్లు జూమ్ పెట్టి, ఫోన్‌ని మనిషి నడుము ఎత్తులో నిటారుగా పట్టుకుని తీయండి. మనిషి ఫ్రేము నడిమధ్యలో ఉండాలి. పిల్లల్ని మన నిలువెత్తు నుంచి వంచి తీస్తే తల బుట్టంత, కాళ్ళు పుల్లల్లా వస్తాయి. అది చూసి నేర్చుకుంటే ఆ తప్పే చేతికి అలవాటైపోతుంది.

తలతో తప్ప ఇంకెలాగూ కొలవకూడదా?

ఎందుకు కూడదు? చెయ్యి తిరిగినవాళ్ళు తల లెక్క ఒకటి రెండుసార్లే చూస్తారు, మిగతాదంతా వంపులతో, ఖాళీలతో నడుస్తుంది. నడుము మీద చెయ్యి పెట్టుకున్న మనిషిలో చేతికీ నడుముకీ మధ్య ఒక త్రికోణం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ ఆకారం సరిగ్గా వేస్తే చెయ్యి దానంతటదే కుదురుతుంది. చెయ్యి అంటే ఇలా ఉంటుందని మనసులో ముందే ఒక బొమ్మ ఉంటుంది, ఖాళీకి అలాంటిదేమీ ఉండదు. అందుకే కన్ను దాన్ని నిజాయితీగా చూస్తుంది. మొత్తం ఆకారం ఎత్తెంత, వెడల్పెంత అని కూడా ముందే పోల్చండి. కూర్చున్న భంగిమల్లో చాలాసార్లు రెండూ దాదాపు సమానం.

## నిలబడ్డ బొమ్మ

ఏ గీత దగ్గర ఏ భాగం వస్తుందో ఒక్కసారి చెప్పండి.

ఎనిమిది తలల బొమ్మలో పైనుంచి: ఒకటో గీత గడ్డం, రెండు చనుమొనలు, మూడు బొడ్డు, నాలుగు మొల, ఐదు తొడ మధ్య, ఆరు మోకాటి చిప్ప కింద, ఏడు పిక్క కింది భాగం, ఎనిమిది అరికాలు. భుజాల గీత గడ్డానికి కింద తలలో మూడో వంతు దూరంలో ఉంటుంది. ఏడున్నర తలల మనిషికి పై నాలుగు గీతలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి, ఆ అర తల తగ్గేది ఎక్కువగా కాళ్ళలో. ఇవి చేతులు దించి నిటారుగా, కంటికి ఎదురుగా నిలబడ్డ మనిషివి. ఒళ్ళు వంగిన మరుక్షణం ఈ పట్టిక పనికిరాదు.

నా బొమ్మలన్నిటికీ తల పెద్దది, కాళ్ళు పొట్టివి. ఎంత జాగ్రత్తపడ్డా అంతే.

ఇది దాదాపు అందరి జబ్బు, కారణాలు నాలుగైదు కలిసి పనిచేస్తాయి. మనిషిని చూస్తే మన కన్ను ముందు ముఖం మీదే ఆగుతుంది. ఎక్కువసేపు చూసింది ఎక్కువ చోటు కోరుకుంటుంది. కళ్ళూ ముక్కూ పెదాలూ వివరంగా పెట్టాలంటే చోటు చాలక తల తెలియకుండానే పెరుగుతుంది. జుట్టుతో కలిపి తల కొలిచేవాళ్ళు ఇంకొందరు. వంకీల జుట్టున్న మనిషికి అలా కొలిస్తే తల ఆరో వంతు దాకా పెరిగిపోవచ్చు. ఆపైన, ప్యాంటు బెల్టు దగ్గర మనిషి సగమైపోతాడనే నమ్మకం. బెల్టు దగ్గర సగం పెట్టి కింద మిగిలిన సగంలో తుంటినీ కాళ్ళనూ ఇరికిస్తే కాళ్ళు పొట్టివి కాక ఏమవుతాయి? ఇదంతా చాలనట్టు, కాగితం అయిపోతోందని చివర్లో పిక్కల్ని కుదించేస్తాం.

మందు ఒకటే. మొదటి రెండు నిమిషాలు ముఖం జోలికే పోవద్దు. తలకు కోడిగుడ్డు ఆకారం, మొల దగ్గర సగం గీత, మోకాళ్ళకు రెండు చుక్కలు, మడమల గీత. సగం గీతకూ నేలకూ నడిమధ్యన మోకాలి కింది అంచు. ఈ నాలుగూ కుదిరాక మెడ, భుజాలు. ముఖం చివర్లో. గుడ్డు మరీ చిన్నదిగా ఉందే అని మీకనిపిస్తే అది బహుశా సరైన సైజే.

భుజాలు ఎంత వెడల్పు? ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఏంటి తేడా?

మగవాళ్ళకు జబ్బ నుంచి జబ్బకు రెండు తలల ఎత్తంత. ఆడవాళ్ళకు రెండుకు కాస్త తక్కువ. తల వెడల్పు దాని ఎత్తులో మూడింట రెండొంతులు కాబట్టి, మూడు తలలు పక్కపక్కన పేర్చినంత అని కూడా గుర్తుపెట్టుకోవచ్చు. తుంటి దాదాపు తలన్నర. అసలు తేడా విడి కొలతల్లో కాదు, భుజానికీ తుంటికీ ఉన్న నిష్పత్తిలో ఉంటుంది. మగవాళ్ళలో భుజాలు తుంటికంటే బాగా వెడల్పు, ఆడవాళ్ళలో రెండూ దగ్గర దగ్గర. తలల లెక్కలో ఎత్తు ఇద్దరికీ ఒకటే. ఆడబొమ్మ నాజూకుగా ఉండాలని తల చిన్నది చేయకండి, ఒళ్ళు భారీగా కనిపిస్తుంది.

ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డ మనిషిని వేస్తే పడిపోతున్నట్టు ఉంటోంది.

మెడ కింద, రెండు కాలరు ఎముకలు కలిసేచోట ఒక గుంట ఉంటుంది. అక్కడి నుంచి నిలువుగా ఒక గీత దించండి. బరువు మోస్తున్న పాదం చీలమండ ఆ గీత మీదో, దాని పక్కనో ఉండాలి. మోడల్ మీద దీన్ని చూడటానికి దారానికి తాళంచెవి కట్టి కంటిముందు వేలాడదీస్తే చాలు.

రెండోది వాలు. బరువు మోసే కాలివైపు తుంటి పైకి లేస్తుంది, అదేవైపు భుజం కిందికి దిగుతుంది. రెండు గీతలూ ఎదురెదురుగా వాలతాయి. కొత్తవాళ్ళు రెండూ సమంగా గీసి, కాలు మాత్రం వంచుతారు. ఎగ్మూరు మ్యూజియంలో చోళుల కంచు విగ్రహాల ముందు నిలబడి, త్రిభంగంలో, అంటే ఒళ్ళు మూడుచోట్ల వంపు తిరిగిన భంగిమలో ఉన్న ఒక్క విగ్రహానికి తల, భుజం, తుంటి వాలు గీతలు మూడే గీసుకు రండి. వంద ఫోటోలకంటే అది నయం.

## తల, చేతులు, పాదాలు

కళ్ళు తలకు నడిమధ్యన ఉంటాయంటే నమ్మబుద్ధి కావట్లేదు.

స్కేలు తీసుకుని అద్దం ముందు కొలుచుకోండి. నెత్తి నుంచి కంటి మూల, అక్కడి నుంచి గడ్డం, రెండూ సమానం. జుట్టు మొదలయ్యేచోట తల అయిపోతుందని మన ఊహ, అందుకే కళ్ళు పైకి జరిగి నెత్తి కోసేసినట్టు వస్తుంది. ముఖాన్ని జుట్టు మొదలు నుంచి కనుబొమ్మ, కనుబొమ్మ నుంచి ముక్కు కింది అంచు, అక్కడి నుంచి గడ్డం అని మూడు సమభాగాలు చేయొచ్చు. చెవి ఈ మూడింటిలో నడిమి భాగం ఎత్తులో ఉంటుంది. తల వెడల్పు ఐదు కళ్ళంత, రెండు కళ్ళ మధ్య ఒక కన్ను పట్టేంత చోటు. మనిషి తల వంచితే కంటి గీత కిందికి జరుగుతుంది, నెత్తి ఎక్కువ కనిపిస్తుంది. తల ఎత్తితే దానికి తిరగేసి.

బాపు బొమ్మల్లో కళ్ళు అంత పెద్దవి. అవి తప్పు కొలతలా?

తప్పు కాదు, తెలిసి చేసిన మార్పు. కళ్ళు పెద్దవి చేసినా అవి ముఖంలో ఉండాల్సిన చోటే ఉంటాయి, నడుము సన్నం చేసినా బరువు మోసే కాలు మోస్తూనే ఉంటుంది. అందుకే ఆ బొమ్మ నిలబడుతుంది. కొలత తెలిసి దాటడానికీ తెలియక తప్పడానికీ తేడా పాదాల్లో పట్టుబడుతుంది. ముఖం శైలి ఎవరైనా కాపీ కొట్టొచ్చు, నేల మీద నిలబెట్టడం కొట్టలేరు. ముందు ఆరునెలలు మామూలు కొలతలతో వేసి, ఆ తరవాత మీ ఇష్టం.

చెయ్యి ఎక్కడిదాకా రావాలి?

దించిన చేతి వేళ్ళు తొడ మధ్యకు, మణికట్టు మొల ఎత్తుకు, మోచెయ్యి నడుము సన్నగా ఉన్నచోటికి. భుజం నుంచి మోచేతి దాకా తలన్నర, మోచేతి నుంచి మణికట్టు దాకా తలంబావు. రెండూ సమానం అనుకుని వేస్తే మోచెయ్యి పక్కటెముకల దగ్గరే ఆగిపోతుంది. చేతులు రెండూ బారచాపితే మన ఎత్తు. "బార" అనే మాటే ఆ కొలత. మూర అంటే మోచేతి నుంచి వేలికొన దాకా. ఎవరి మూరతో వాళ్ళు కొలుచుకుంటే మూడున్నర పైచిలుకు వస్తుంది.

అరచెయ్యి వేళ్ళతో కలిపి గడ్డం నుంచి జుట్టు మొదలు దాకా, అంటే ముఖమంత. మీ చెయ్యి ముఖం మీద పెట్టుకుని చూడండి. అందరూ చేతుల్ని చిన్నగా వేస్తారు, వేళ్ళు వేయడం కష్టమని.

పాదం?

పక్కనుంచి చూస్తే తల ఎత్తంత, లేదా కొంచెం ఎక్కువ. మోచేతి మడత నుంచి మణికట్టు దాకా ఉన్న పొడవుతో సరిపోతుంది. ఎదురుగా చూస్తే అంత పొడవు కనిపించదు, కిందికి దిగే వాలుచెక్కలా వేయాలి. మడమ చీలమండకంటే వెనక్కి పొడుచుకుని ఉంటుంది. అది మర్చిపోతే కాలు ఇస్త్రీపెట్టె మీద నిలబెట్టినట్టుంటుంది.

## కూర్చున్నవాళ్ళు, వంగినవాళ్ళు

కూర్చున్న మనిషికి ఎన్ని తలలు?

నేల మీద బాసింపట్టు వేసుకుని నిటారుగా కూర్చుంటే దాదాపు నాలుగు. కుర్చీలో కూర్చుంటే నేల నుంచి నెత్తికి ఆరు. వీపు వాలిస్తే అర తల తగ్గుతుంది. ముందు కుర్చీ సీటు గీత, తరవాత దానిమీద తుంటి, ఆపైన తల. తలనుంచి దిగితే చివరికి మనిషి కుర్చీలో కాక గాలిలో కూర్చుంటాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ తొడలు మనవైపుకు ఉంటాయి కాబట్టి వాటి పొడవు కనిపించదు, రెండు తలల తొడ అర తలకే కుదించుకుపోవచ్చు.

కాలు మనవైపు చాచి పడుకున్న మనిషిని వేస్తుంటే తల లెక్క ఏదీ పనిచేయట్లేదు.

పనిచేయదు, వదిలేయండి. దీన్నే ఫోర్‌షార్టెనింగ్ అంటారు. కాలు పొడవు మీకు తెలుసు, ఆ తెలిసిందే ఇక్కడ శత్రువు. కంటికి కనిపించేదాన్నే కొలవాలి. పెన్సిల్‌తో కనిపించే పాదం ఎత్తెంత, కనిపించే తల ఎత్తెంత అని పోల్చండి. పాదం తలకంటే రెండింతలు పెద్దగా రావచ్చు, భయపడకుండా అలాగే వేయండి.

పొడవు కుదించుకుపోతుంది కానీ వెడల్పు కుదించుకుపోదు. మోకాలి వెడల్పు మోకాలి వెడల్పే. అందుకే ఆకారాలు పొట్టిగా, లావుగా ఉంటాయి. ఏది దేని ముందు ఉందో గీతల్లో చెప్పాలి: పాదం గీత పిక్కను కోస్తుంది, పిక్క గీత మోకాలిని, మోకాలి గీత తొడను. ఈ అడ్డుకోతలు లేకుండా ఔట్‌లైన్ ఒకే గీతగా చుట్టేస్తే కాలు పొట్టిది అనిపిస్తుందే తప్ప మనవైపు వస్తున్నట్టు అనిపించదు. కాలికి కంకణాల్లా అడ్డం చుట్టు గీతలు తేలిగ్గా వేసి చూసుకోండి.

## వయసు, ఒళ్ళు

పిల్లల్ని వేస్తే మరుగుజ్జుల్లా వస్తున్నారు.

పెద్దవాళ్ళ ముఖాన్ని చిన్న ఒంటికి అతికించడం వల్ల. అప్పుడే పుట్టిన బిడ్డ నాలుగు తలలు, రెండు మూడేళ్ళ పిల్ల ఐదు, ఆరేడేళ్ళకు ఆరు, పది పన్నెండేళ్ళకు ఏడుకు దగ్గర. పసిబిడ్డకు ఒంటి సగం బొడ్డు దగ్గర ఉంటుంది, పెరిగేకొద్దీ మొలదాకా దిగుతుంది. పెరిగేది ఎక్కువగా కాళ్ళే.

ముఖంలో కూడా తేడా ఉంది. పిల్లలకు నుదురు పెద్దది, దవడ చిన్నది, కళ్ళు తల మధ్యగీతకు కిందికి ఉంటాయి. ముక్కు, నోరు, గడ్డం కింది సగంలో దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి. మెడ సన్నం, భుజాలు ఇరుకు: మూడేళ్ళ పిల్లకు తల వెడల్పుకు రెండు రెట్లు చాలు.

ముసలివాళ్ళని?

వెన్నెముక కుదించుకుని వంగుతుంది, చేతికాళ్ళ ఎముకలు మాత్రం పొట్టివి కావు. కాబట్టి మొండెం తగ్గుతుంది, చేతులు ఇంకాస్త కిందికి వచ్చినట్టుంటాయి. తల ముందుకు వస్తుంది, మోకాళ్ళు కొంచెం వంగుతాయి. ముడతలు గీయకుండానే ఈ మూడింటితో వయసు తెలిసిపోవాలి.

లావుగా ఉన్నవాళ్ళకు వేరే లెక్క ఉందా?

లేదు. వెడల్పు మారుతుంది, గుర్తుల ఎత్తు మారదు. కాలరు ఎముక, మోచెయ్యి, మణికట్టు, మోకాలు, చీలమండ ఎంత లావైనా కనిపించే ఎముకచోట్లు, వాటినే పట్టుకోండి. బొడ్డు మాత్రం నమ్మదగ్గది కాదు, పొట్టతోపాటు కిందికి జారుతుంది.

## బట్టలతో

చీర కట్టుకున్న ఆవిడ మోకాలు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

మొత్తం ఎత్తులో సగం గుర్తు పెట్టండి, అక్కడి నుంచి నేలదాకా మళ్ళీ సగం చేయండి. అది మోకాలి కింది అంచు. ఇక చీరే సాక్ష్యం చెబుతుంది. బరువు లేని కాలి మోకాలు ముందుకు వస్తుంది కాబట్టి కుచ్చిళ్ళు అక్కడ తగిలి, కింద నిలువుగా జారతాయి. బట్ట ఎక్కడ బిగుసుకుని ఎక్కడ వదులయిందో అక్కడే ఒంటి గుర్తు ఉంటుంది: తుంటి, మోకాలు, మోచెయ్యి. పైట భుజాన్ని దాచినా రెండోవైపు భుజం కనిపిస్తుంది, మెడ గుంట నుంచి అంతే దూరం ఇటువైపు పెట్టండి.

రెండు మోసాలు గమనించాలి. కొప్పు, మల్లెపూలు తల ఎత్తులోకి రాకూడదు. చీర అంచు పాదాల్ని దాచితే అంచునే నేల అనుకుని వేస్తాం, మనిషి అర తల తగ్గుతుంది. లుంగీ మడిచి కట్టిన మనిషికి మడత అంచు మోకాలి దగ్గర అడ్డంగా కోస్తుంది కాబట్టి కాళ్ళు ఉన్నవాటికంటే పొట్టిగా అనిపిస్తాయి. అక్కడ కన్ను కాదు, పెన్సిల్ కొలత చూసుకోండి.

## దిద్దుకునేటప్పుడు

ఎక్కడో తేడా ఉంది, ఎక్కడో తెలియట్లేదు.

బొమ్మను అద్దంలో చూడండి, లేదా ఫోన్‌లో ఫోటో తీసి తిప్పి చూడండి. అలవాటుపడ్డ కన్ను దాచింది తిరగేసినప్పుడు బయటపడుతుంది. తలకిందులుగా పెట్టి చూస్తే వాలిపోయిన మనిషి వెంటనే దొరికిపోతాడు.

తరవాత కొలిచి చూసే వరస: సగం గీత మొల దగ్గర ఉందా, తల ఎన్నిసార్లు పట్టింది, మెడ గుంట కింద పాదం ఉందా, భుజం తుంటి వాలు సరేనా. ఆపైనే చేతులు, వెడల్పులు. తల పెద్దదని తేలితే తలనే చెరపండి. బాగా కుదిరిన ముఖాన్ని వదలలేక దానికి సరిపడా ఒళ్ళు పెంచబోతారు చాలామంది, పాదాలు కాగితం దాటుతాయి, కథ మళ్ళీ మొదటికి. మెత్తటి 2బి పెన్సిల్‌తో తేలిగ్గా వేసుంటే పుట్టీ రబ్బరుతో (మైనంలా నలిగే రబ్బరు) ఒత్తి తీసేయొచ్చు. షేడింగ్ మొదలయ్యాక దొరికిన తప్పును అలాగే ఉంచి కొత్త కాగితం తీసుకోవడమే మంచిది.

ప్రతి బొమ్మకూ ఇంత కొలవాలంటే గీతలో ప్రాణం పోతోంది.

వరస మార్చండి. ముందు అర నిమిషంలో భంగిమ ఒక్క ఊపున గీయండి, తల నుంచి బరువు మోసే మడమ దాకా. దాని మీద కొలవండి. కొలత సరిచూడటానికే గానీ బొమ్మ కట్టడానికి కాదు. పది నిమిషాల బొమ్మలో రెండు నిమిషాలకు మించి కొలుస్తుంటే ఎక్కువ కొలుస్తున్నట్టే.

## చెన్నైలో సాధన

మోడల్ దొరకదు. ఎక్కడికి వెళ్ళి వేసుకోవాలి?

శిల్పాలు కదలవు, డబ్బులడగవు. ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో మన గుంటూరు సీమ అమరావతి స్తూపం శిల్పాలు ఉన్నాయి. సన్నని ఒళ్ళు, పొడవాటి కాళ్ళు, కిక్కిరిసిన గుంపులో కూడా ఎవరి బరువు ఎక్కడుందో తెలిసే భంగిమలు. అదే ఆవరణలోని కంచు విగ్రహాల గ్యాలరీతో కలిపి ఒక పూట పడుతుంది. శుక్రవారం సెలవు. పెన్సిల్, చిన్న స్కెచ్‌బుక్ తీసుకెళ్ళండి, చార్కోల్ పొడి అక్కడ వద్దు. బోర్డు, స్టూలు వేసుకోవాలంటే ముందు లోపల అడగండి.

నిజం మనుషుల్ని వేయాలంటే సబర్బన్ రైలు మంచిది. ఎదురు సీట్లో నిద్రపోతున్న మనిషి పది నిమిషాలు కదలడు, కూర్చున్న కొలతలన్నీ ముందే పరిచి ఉంటాయి.

కండలు, బరువు నేర్చుకోవాలంటే మెరీనాలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన శ్రామికుల శిల్పం. ఊళ్ళో అందరూ ఉళైప్పాళర్ సిలై అనే పిలుస్తారు. 1959లో పెట్టారు. బండను కదిలిస్తున్న నలుగురు మనుషులు, నాలుగు రకాల వంపు. దిమ్మె మీద ఉంది కాబట్టి దగ్గర నుంచి చూస్తే తలలు దూరమై చిన్నగా, కాళ్ళు పెద్దగా కనిపిస్తాయి, కొలిస్తే లెక్క తప్పుతుంది. బాగా వెనక్కి జరిగి నిలబడండి. ఉదయం ఏడింటికి సముద్రం వైపు నుంచి పక్క వెలుగు పడుతుంది, వీపు కండలు విడివిడిగా తెలుస్తాయి. తొమ్మిది దాటితే ఎండ పైకెక్కి అన్నీ చప్పబడిపోతాయి.